చెరువు మట్టి బండ్లు

యాసంగి వరి కోతలై, చెరువు నడిమిలో నేల నెర్రెలు పట్టిందంటే వరంగల్, జనగామ, ములుగు దిక్కు ఊళ్లలో ఒక సాయంత్రం డప్పు మోగేది. "రేపటి నుంచి చెరువు మట్టికి బండ్లు కట్టాలె, ఇంటికో మనిషి పార పట్టుకొని రావాలె" అని సాటింపు. ఆ రాత్రే కమ్మరి కొలిమి దగ్గర మొండిబారిన పారలు, గడ్డపారలు వరుస కట్టేవి. వడ్లాయన ఇంటి ముందు చక్రాలు ఊడదీసిన బండ్లు నిలబడేవి. ఇరుసుకు ఆముదం, గడ్డి మసి కలిపిన కందెన కొత్తగా పట్టించేటోళ్లు. పెంట తోలిన బండ్లే ఇవి. పక్క తడకలను మాత్రం కందికట్టెతో మళ్లీ అల్లేటోళ్లు, పాత తడకైతే చేనికి చేరేలోపు సగం మట్టి దారికే అయిపోతది.

ఉగాదికి, మిర్గానికి (మృగశిర కార్తెకు) నడుమ సాగే ఈ పనికి క్యాలెండర్‌లో పేరు లేదు. అయినా మొదటి రోజు కట్ట మైసమ్మకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టనిది ఎవరూ పార ముట్టకపోయేది. ఆఖరు రోజు బోనం, యాట, కల్లు, మోదుగాకు విస్తర్లలో అన్నం, పచ్చిపులుసు. ఆ నడుమ రోజుల్లో జరిగే పని గురించే ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకోవాలె, ఎందుకంటే ఇప్పుడు మట్టి తోలుతున్నవాళ్లలో చాలామందికి ట్రాక్టర్ కిరాయి తెలుసు గానీ దాని పద్ధతి తెలియదు.

ఎక్కడ తవ్వాలన్నది నీరడి చెప్పేటోడు. ఏడాది పొడుగునా తూము తీసి మూసే మనిషి కాబట్టి చెరువు అడుగు ఎక్కడెట్లుందో ఆయనకు ఎరుక. వాగు వచ్చి కలిసే మొగ దగ్గర ఇసుక, గరుకు మట్టి దిగుతయి. సన్నటి నల్ల ఒండ్రు నీళ్లు నిలిచే లోతట్టుకు కొట్టుకొచ్చి పేరుకుంటది. చేనికి కావాల్సింది అదే. అయితే ఆ నల్లమట్టి కట్ట కాలు దాకా ఉంటది, అక్కడే జాగ్రత్త. కట్ట అడుగున గుంత తీస్తే వానకాలం నీళ్ల బరువుకు కట్ట లోపలి వాలు జారుతది. అందుకే కనీసం పది బార్లు విడిచి కొయ్యలు పాతేటోళ్లు, ఆ గీత దాటి పార పడొద్దు. తూము మొగ చుట్టూ అంతే. ఇంకో లెక్క, తూము గడప కంటే లోతుకు తవ్వితే ఆ గుంతలో నిలిచే నీళ్లు పొలానికి పారవు. చేపలకు, గొడ్లకు పనికొస్తయి, అది మంచిదే గానీ ఆయకట్టుకు నీళ్లు పెరిగినయని లెక్క కట్టుకుంటే మోసపోయినట్టే.

లోతు విషయంలో ఇంకా కట్టడి ఉండేది. నల్లమట్టి కింద రంగు మారుతది. పసుపు పచ్చగానో, బూడిద తెలుపుగానో మొరం గులకలు తగులుతయి. ఆ రంగు కనబడటానికి జానెడు ముందే ఆగాలె. ఏండ్ల కొద్దీ పేరుకున్న ఆ బంక పొరే చెరువుకు అడుగు, కుండకు అడుగున్నట్టు. దాన్ని చీల్చి మొరం తేలిస్తే నీళ్లు కిందికి ఇంకిపోతయి. బావులకు ఊట పెరిగిందని ఒక వాడ సంబరపడుతది, పుష్యమాసానికే చెరువు ఎండి ఇంకో వాడ ఏడుస్తది.

మట్టి మంచిదో కాదో చూసే పరీక్ష మన ఆడోళ్లకు బాగా తెలిసిందే. పిడికెడు మట్టి తడిపి, పిండిలెక్క పిసికి, సకినం చుట్టినట్టు వేళ్ల నడుమ తీగ తీయాలె. తెగకుండా, నెర్రెలు పడకుండా రెండు సుట్లు వస్తే మంచి బంకమట్టి, చెల్కకు తోలొచ్చు. ఒక్క సుట్టుకే తెగితే ఇసుక పాలు ఎక్కువ, అంత దూరం బండి కట్టడం దండగ. ఎండిన చోట తెల్లగా ఉప్పు పేరినట్టు కనిపిస్తే అది సౌడు, ముట్టొద్దు. అనుమానమైతే రెండు పాత డబ్బాలు తీసుకొని, ఒకదాంట్ల చేను మట్టి, ఇంకోదాంట్ల సగం చేను మట్టి, సగం చెరువు మట్టి పోసి, 20 పెసర గింజలు చొప్పున పెట్టి తడిపితే వారంలో సంగతి తేలుతది. రెండో డబ్బాలో మొలకలు తక్కువైనా, ఆకు కొసలు మాడినా ఆ మట్టి వద్దు. భూసార పరీక్ష చేయించేటట్టయితే అయిదారు చోట్ల నుంచి తీసి కలిపి, అర కిలో నీడలో ఆరబెట్టి పంపాలె. పట్నం మురికి కాల్వలు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువుల మట్టికి మాత్రం డబ్బా పరీక్ష చాలదు, దాన్ని చేనికి తోలకపోవడమే మేలు.

ఇక బండ్ల లెక్క. ముప్పై తట్టలకు ఎడ్లబండి నిండేది, సుమారు అర ఘనపు మీటరు. ఎకరం నేల మీద అంగుళం మందాన పరచాలంటే 100 ఘనపు మీటర్లు కావాలె, అంటే 200 బండ్లు. చేను కిలోమీటరు దూరంలో ఉంటే ఒక బండి రోజుకు ఎనిమిది సుట్లు తిరుగుతది. కోడికూతకు కట్టి, ఎండ ముదరకముందే పది గంటలకు విప్పి, మళ్లీ నాలుగింటికి కడితేనే ఆ ఎనిమిది. పది బండ్లు ఆగకుండా తిరిగినా ఎకరానికి రెండున్నర రోజులు. ఒక్క ఇంటితో తేలే పని కాదని దీంతోనే అర్థమైతది. అందుకే బదులు పని. ఇయ్యాల నీ చేనికి మా బండి, రేపు మా చేనికి నీ బండి. ఎడ్లు లేనోళ్లు తవ్వి ఎత్తేటోళ్లు, దానికి బదులుగా వాళ్ల గుంటెడు చేనికీ బండ్లు మళ్లేవి. ఎవరి చేనికి ముందన్నది చీట్లు వేసి తేల్చేటోళ్లు. ఊళ్లన్నీ ఇంత ధర్మంగా నడిచినయని చెప్పలేం. పటేండ్ల చేన్లు నిండినంక గానీ తక్కినోళ్లకు వంతు రాని ఊళ్లు కూడా ఉన్నయి. చీట్ల పద్ధతి ఉన్న చోట జగడాలు తక్కువ, అంతవరకు నిజం.

చేన్ల మట్టి దించడానికీ కొలత ఉంది. అంగుళం మందం కావాలంటే ఆరు అంగలకో బండి కుప్ప, అటు ఆరు, ఇటు ఆరు. అర అంగుళం చాలనుకుంటే ఎనిమిది తొమ్మిది అంగలకు ఒకటి. ఎడ్లను విప్పి నొగలు పైకెత్తితే మట్టి వెనక్కి జారిపడుతది, తట్టతో దించే పని తప్పుతది. ఇప్పటి ట్రాక్టర్ డబ్బా మూడు ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే ఎకరానికి 34 ట్రిప్పులు, కుప్పకు కుప్పకు నడుమ పద్నాలుగు పదిహేను అంగలు. డ్రైవర్లకు ఈ లెక్క చెప్పకపోతే దర్వాజ కాడ దించినట్టు అన్నీ గెట్టు పక్కనే దించి పోతరు. తర్వాత వాటిని పరచడానికి బ్లేడు బండికి వేరే కిరాయి.

కుప్పలను వెంటనే పరచొద్దు, అట్లని వాన దాకా ఉంచొద్దు. వారం పది రోజులు రోహిణి ఎండకు ఎండితే గడ్డలు లోపల దాకా నెర్రెలిస్తయి. అప్పుడు పారతో నాలుగు దిక్కులకు చిమ్మి వదిలేస్తే, మొదటి వానకు ఆ గడ్డలు సున్నం నీళ్లలో వేసినట్టు చిటచిటమని విచ్చుకొని పొడి అయితయి. చెవి ఒగ్గితే ఆ సప్పుడు వినబడుతది. ఆ పదును మీద నాగలి కట్టి, అడ్డం ఒకసారి, నిలువు ఒకసారి దున్నాలె. తడి మట్టి తోలితే ఇదంతా తలకిందులు. చక్రాల కింద నలిగి ఇటుక గడ్డలైతది, రెండేండ్లైనా గుంటుకకు లొంగదు. చెరువు పూర్తిగా ఎండకముందే తొందరపడి తోలినోళ్ల చేన్లలో ఆ గడ్డలు కాళ్లకు తగులుతూనే ఉంటయి.

ఏ నేలకు తోలాలన్నది కూడా తెలియాలె. ఎర్ర చెల్క, దుబ్బ నేలలకు ఇది మందు. బంకపాలు పెరిగి తేమ పట్టుకుంటది, వానకు వానకు నడుమ పైరు ఇంకో నాలుగు రోజుల నుంచి వారం దాకా వాడకుండా నిలబడుతది. పత్తికి, మిర్చికి, పసుపుకు తేడా కంటికి కనిపిస్తది. నల్లరేగడికి చెరువు మట్టి తోలడం నెత్తికి చాలని బరువు పెట్టడమే. పల్లి వేసే చెల్కకు అర అంగుళం దాటొద్దు, మట్టి బిగిస్తే పీకేటప్పుడు కాయలు నేలలోనే తెగి మిగులుతయి. చెరువు మట్టిలో బలం ఉన్నా అదే ఎరువు మొత్తం కాదు. ఎకరానికి నాలుగైదు బండ్ల పెంట కలిపితేనే మొదటి ఏడు నేల బిరుసెక్కకుండా ఉంటది. మట్టితోపాటు వచ్చే చుట్టం తుంగ. దాని గడ్డలు మట్టిలో దాక్కొని వస్తయి. ఎండల్లో రెండు సార్లు దున్ని, పైకి తేలిన గడ్డలను ఏరి గెట్టు మీద ఎండబెట్టకపోతే మూడేండ్ల దాకా కలుపు కూళ్లకే పంట పోతది.

గెట్లు ముందా, మట్టి ముందా అంటే గెట్లే ముందు. గెట్టు లేని ఏటవాలు చెల్కకు మట్టి తోలితే మిర్గం వానకు అది మళ్లీ చెరువుకే చేరుతది. మనమే పైసలు పెట్టి చెరువు పూడ్చుకున్నట్టు. అడుగున మూడడుగులు, పైన అడుగు, ఎత్తు అడుగున్నర నుంచి రెండడుగుల గెట్టు వాలుకు అడ్డంగా పోయాలె. తలకట్టు అంతా ఒకే మట్టంలో ఉండాలె, ఎక్కడ నాలుగు వేళ్లు తగ్గినా నీళ్లన్నీ అక్కడికే ఉరుకుతయి, గండి అక్కడే పడుతది. మేస్త్రీలు గోడ మట్టం చూసే నీళ్ల పైపుతో ఈ తేడా పట్టుకోవచ్చు. మిగులు నీళ్లు పోవడానికి ఒక మూల రాళ్లు పరిచి దారి వదలాలె. గెట్టు మీద కంది, వాయిలి నాటితే మట్టి పట్టుకుంటది. వాయిలిని మేకలు ముట్టవు, అదొక సుఖం.

మట్టి తోలని చేన్లకు మందలు దిగేవి. గొల్ల, కుర్మోళ్లు గొర్లను తోలుకొని కోసిన చేన్లలో రాత్రుళ్లు ఆపేటోళ్లు. ఎకరానికి 500 గొర్లను రెండు రాత్రులు ఆపితే ఒక పంటకు సరిపడే ఎరువు. కాపరులకు తిండి, రాత్రికి ఇన్ని అని ఒడ్లు. మంచి కాపరి నడిరాత్రి లేచి మందను ఇంకో పక్కకు జరిపేటోడు. ఒక్క చోటే తెల్లవార్లు పడుకుంటే అక్కడ మూత్రం పాలు ఎక్కువై, పైరు ఏపుగా పెరిగి గాలికి పడిపోతది, పక్కనేమో పాలిపోయి ఉంటది. మంద లేచిన మర్నాడే దున్నాలె. ఎండకు విడిచిపెడితే సత్తువంతా గాలికి పోతది, ఆ ఘాటు వాసనే దానికి సాక్ష్యం. గొర్లు అంతకుముందు తుమ్మ కాయలు మేశాయా అని కూడా అడిగేటోళ్లు. గొర్రె కడుపులో తుమ్మ గింజ అరగదు, మరుసటేడు చేనంతా ముళ్ల మొలకలే.

బండ్లు ఆగిన తర్వాత రెండు రోజులు కట్ట పని. కట్ట మీద చేతి లావు లోపు ఉన్న తుమ్మ, కంప చెట్లను వేళ్లతో సహా తీసేయాలె. పెద్ద చెట్లను మాత్రం నరికేయొద్దు. నరికిన చెట్టు వేరు లోపల కుళ్లి గొట్టమైతది, రెండు మూడు వానకాలాల తర్వాత ఆ గొట్టంలోంచి బుంగ పడుతది. ఎలుక, ఎండ్రకాయ బొక్కలను పైపైన మూసి వదలొద్దు. బొక్క చివర కనబడేదాకా తవ్వి, బంకమట్టి జానెడు జానెడు పోసి తడిపి, దిమ్మిసతో కొట్టుకుంటూ పైకి రావాలె.

వానకాలం కట్ట వెనక నీళ్లు ఊరితే ముందు రంగు చూడాలె. తేటగా వస్తే జాలు, కనిపెట్టుకొని ఉంటే చాలు. ఎర్రగా, బురదగా వస్తే కట్ట లోపలి మట్టి కదిలి వస్తున్నట్టు. అప్పుడు చాలామంది చేసే తప్పు, బయటి నుంచి మూతి మూయడం. లోపల ఒత్తిడి పెరిగి పక్కన ఇంకోటి తెరుచుకుంటది. బయట ఆ ఊట చుట్టూ ఇసుక బస్తాలతో బావి గడ్డలెక్క గుండ్రంగా కట్టి, లోపల నీళ్లు కొంత లేచేట్టు చేస్తే ఒత్తిడి తగ్గుతది, మట్టి రావడం ఆగుతది. ఆ లోపు చెరువు లోపలి దిక్కు సుడి ఎక్కడుందో వెతికి అక్కడ మూయాలె.

చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి సంగతి వేరే పురాణం. ఆయకట్టు రైతు మత్తడి మీద బస్తాలు పేర్చి నీళ్లు పెంచాలంటడు, శిఖంలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో దున్నుకునేటోడు మత్తడి కొట్టి దించాలంటడు. ఇద్దరి మాటా వినకపోవడమే నీరడి ఉద్యోగం. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దుంకితేనే కింది చెరువుకు నీళ్లు. పైన పేర్చిన బస్తాలతో తెగేది ఒక్క కట్ట కాదు, దాని కింది వరుసంతా.

పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నుంచి నిలిచి ఉన్నయి. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. పెద్ద చెరువులకు రాజుల పేర్లున్నయి. ఊరి కుంటలను ఇన్ని తరాలు పూడకుండా ఆపినవి ఈ బండ్లే. బోర్లు వచ్చి, నీరడి వంతు పోయి, ఎడ్లు అమ్ముడుపోయినంక డప్పు సాటింపు ఆగింది. ఇరవై ముప్పై ఏండ్లు పూడిక మీద పూడిక పేరుకుంది. 2015 మార్చి 12న నిజామాబాద్ దిక్కు సదాశివనగర్‌లో చెరువుల పూడిక తీసే సర్కారు పథకం మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువులు, కుంటల మీద లెక్క. తవ్వే ఖర్చు సర్కారుది, తోలుకునే ఖర్చు రైతుది. రాత్రీపగలూ ట్రాక్టర్లు తిరిగి చెల్కలకు మళ్లీ మట్టి దొరికింది. అది చిన్న మేలు కాదు. కానీ ప్రొక్లైన్ తొట్టికి జానెడు తేడా తెలియదు, నల్లమట్టితోపాటు మొరం కూడా లేచింది కొన్ని చోట్ల. కొయ్యలు పాతే మనిషి పక్కన లేకపోవడమే దానికి కారణం. యంత్రాన్ని తిట్టి లాభం లేదు, అదే యంత్రానికి గీత గీసి పెట్టిన ఊళ్లలో పని సక్కగా జరిగింది.

2023 జూన్ 8న రాష్ట్రమంతా ఊరూరా చెరువుల పండుగ జరిపారు, కట్టల మీద బోనాలు, బతుకమ్మలు, భోజనాలు. చూడటానికి బాగుంది. అయితే అది మిర్గం వేళ, మట్టి తోలే కాలం అప్పటికే దాటింది. అదే పండుగ నెలన్నర ముందు పెట్టి, పారలు కూడా తెమ్మంటే దాని రుచి వేరే ఉండేది. ఇప్పటికీ చేయదలచుకున్న ఊరికి చైత్రమాసమే పని మొదలు. ముందు తూము గడప మట్టం, కట్ట కాలు గీత, మొరం తగిలే లోతు, ఈ మూడూ కొయ్యల మీద సున్నంతో గుర్తు పెట్టాలె. తర్వాతే బండి, ట్రాక్టర్, ప్రొక్లైన్ ఏదైనా.

మట్టి తోలిన చేను ఏదో కనుక్కోవడానికి ఎవర్నీ అడగాల్సిన పని లేదు. వానకు కడిగిన ఎర్ర చెల్కలో వంగి చూస్తే గోరంత తెల్లటి నత్తగుల్లలు, ఆల్చిప్ప ముక్కలు మెరుస్తుంటయి. నీళ్లు ఎన్నడూ నిలవని మెరక చేను అది. బండ్లు కట్టిన మనుషులు పోయి, ఆ ఎడ్లు పోయి, చేను చేతులు మారినా అవి మాత్రం ప్రతి దుక్కికి కొన్ని పైకి తేలుతూనే ఉంటయి.